పులుపు, క్షారము, లోహము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము, పేరు చెప్పినంతనే, బడిపిల్లల పాఠమువలె తోచును. లోహములకు పులుపు తగిలిన నేమగును, క్షారము తగిలిన నేమగును అనునదే ఆ విషయము. నేను 34 సంవత్సరములు పల్లెబడులలో తెలుగు చెప్పినవాడనే కాని రసాయనశాస్త్రము చెప్పినవాడను కాను. అయినను మన నల్లగొండ, మహబూబునగరము సీమల పూర్వచరిత్రలో ఈ విషయమునకు మంచి స్థానము కలదు. అది నాకు గ్రంథములవలన గాక, మా యింట జరిగిన యొక పొరపాటు వలన ముందుగా తెలిసివచ్చెను. ఆ పొరపాటు నాది. దానిని చెప్పి పిమ్మట చరిత్రలోనికి వచ్చెదను.

1984లో మా చెల్లెలి వివాహము జరిగెను. మా గ్రామము అప్పటి దేవరకొండ తాలూకాలోనిది. వంటపాత్రలకు కళాయి వేయించు పనిని మా నాయనగారు నాకు అప్పగించిరి. ఏటేట మా వాడకు వచ్చు కళాయివాడు అడిగిన కూలి ఎక్కువని తలచి, సంతలో కనబడిన మరియొకనికి తక్కువకు కుదిర్చితిని. పెండ్లికి ముందునాటి రాత్రి పులిహోరకై చింతపండు పులుసు కాచి, పెద్ద ఇత్తడి గుండిగలోనే నిలువ యుంచితిమి. మా నాయనమ్మ దీపము పట్టి లోపలికి చూచి, “బిడ్డా, గుండిగ లోపల ఎర్రగ కనబడుతున్నది. కళాయి నిలువలేదు. దాంట్ల పులుసు ఉంచకు, మట్టికుండల పొయ్యి” అని చెప్పెను. నాకు అప్పుడు పనుల తొందర, దానికి తోడు కొత్తగా ఉద్యోగము వచ్చిన గర్వము. విననైతిని. మరునాడు భోజనమైన గడియకే ఇరువది ముప్పది మందికి వాంతులు పట్టుకొనెను. అందులో సగము మంది మగపెండ్లివారు. పెండ్లి నిలిచిపోవునేమో యని మా తల్లి ఏడ్చినది. ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు, ముహూర్తమును తప్పలేదు. కాని మా చెల్లెలు అత్తవారింట చాలకాలము ఆ మాట పడవలసివచ్చెను.

ఆ రాత్రి అందరును పరుండిన తరువాత మా నాయనగారు అరుగుమీద కూర్చుండి ఒక శ్లోకము చదివిరి. అది రసార్ణవమను గ్రంథములోనిది. చదివి, “ఇది నాకు చిన్ననాటినుండి నోటికి వచ్చును. గుండిగలోనికి వంగి చూడవలెనని మాత్రము తోచలేదు” అనిరి. ఆ శ్లోకము ఆయన యొద్దనే నేనును నేర్చితిని. నాకును తోచలేదు.

ఆ శ్లోకములోని విషయమేమనగా, లోహములు ఆరు: బంగారము, వెండి, రాగి, ఇనుము, తగరము, సీసము. వీనిలో ముందు చెప్పినది వెనుక చెప్పినదానికంటె చెడిపోవుట తక్కువ. రసార్ణవము సుమారు 11, 12 శతాబ్దుల నాటిదని పండితులు చెప్పుదురు. నేటి శాస్త్రజ్ఞులును లోహములను ఇట్లే ఒక వరుసలో నిలిపియున్నారు. ఆమ్లమనగా పులుపు పదార్థము. ప్రతి ఆమ్లములోను ఉదజని యను తేలికైన వాయువు బంధింపబడి యుండును. బలముగల లోహము వచ్చి ఆ ఉదజనిని వెడలగొట్టి దాని పీట మీద తాను కూర్చుండును. అట్లు ఏర్పడినదానికి లవణమని పేరు. అల్యూమినియము, తుత్తునాగము, ఇనుము, తగరము, సీసము ఉదజనిని వెడలగొట్టగలవు. రాగి, వెండి, బంగారము వెడలగొట్టజాలవు. రసార్ణవము చెప్పిన వరుసకును దీనికిని ముఖ్యమైన భేదము ఇనుము విషయముననే. ఇనుము నిజమునకు తగరము, సీసముల కంటె త్వరగా పులుపునకు లొంగును. పూర్వులు దానిని మెరుగైన చోట కూర్చుండబెట్టిరి. వారు లోహములను పులుపులో కంటె నిప్పులో ఎక్కువగా పరీక్షించిరనియు, నిప్పులో తగరము, సీసము తేలికగా కరగి బూడిదయగుట చూచి అట్లు నిర్ణయించిరనియు నా యూహ.

మరి రాగి ఉదజనిని వెడలగొట్టజాలదు గదా, మా గుండిగలోని పులుసు ఎట్లు చెడినదని అడుగవచ్చును. రాగికి గాలి తోడు వచ్చెను. గాలిలోని ప్రాణవాయువుతో రాగి ముందు కలియును; అట్లు కలిసిన పొరను చింతపులుపు కరగించును. అందుచేతనే గాలి తగులుచు రాత్రియంతయు నిలువయున్న పులుసు ప్రమాదకరము. అంచున పచ్చగా కనబడు చిలుము అట్టిదే. ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును కలిసినది. తుత్తునాగము పులుపునకు మరింత సులభముగా లొంగును.

ఇక ఈ లోహవిద్యకును మన సీమకును గల సంబంధము చెప్పెదను. తుంగభద్ర యొడ్డున, కృష్ణాసంగమమునకు చేరువగా అలంపురమున్నది. పూర్వము మహబూబునగరము జిల్లాలోనిది, 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యులు అచ్చట కట్టించిన నవబ్రహ్మాలయములు మీలో పలువురు చూచియుందురు. శ్రీశైలమునకు అది పడమటి ద్వారము; అచ్చంపేట దాపున నున్న ఉమామహేశ్వరము ఉత్తర ద్వారము. అలంపుర స్థలకథలో రససిద్ధుడొకడు వచ్చును. రసమనగా పాదరసము. పాదరసమును కట్టి, దానితో హీనలోహములను బంగారము చేయుదుమని సిద్ధులు చెప్పెడివారు. నల్లమల యడవి ఆ మార్గమువారికి పేరుపడిన స్థలము. 15వ శతాబ్దిలో శ్రీశైల మఠాధిపతి కోరికపై గౌరన నవనాథచరిత్రమను ద్విపదకావ్యమున ఆ సిద్ధుల కథలే చెప్పెను. గౌరన వంశమువారికి రాచకొండ యేలిన రేచర్ల ప్రభువుల కొలువుతో సంబంధము కలదు. రాచకొండ మన నల్లగొండ సీమలోనిదే గదా.

నాగార్జునుని పేరు ఇచ్చట తప్పక వచ్చును. 7వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఒక కథ వ్రాసెను. విహారము కట్టుచుండగా రాజుగారి బొక్కసము వట్టిపోయెనట. నాగార్జునుడు రాళ్లపై ఔషధము చల్లి బంగారము చేసెనట. మాధ్యమిక మతాచార్యుడైన నాగార్జునుడు వేరు, రసవాదియైన నాగార్జునుడు వేరు అని నేటి పండితుల మతము. 1030 ప్రాంతమున అల్‌బెరూనీ రసవాది నాగార్జునుడు తనకు నూరేండ్ల ముందువాడనియు, సోమనాథము దాపువాడనియు వ్రాసెను. ఈ తగవులోనికి నేను దిగను. పులుపుగాని, క్షారముగాని, పాదరసముగాని యే లోహమును బంగారము చేయలేదు, చేయజాలదు. అయినను అంత తెలివిగలవారు అట్లు నమ్ముటకు కారణమేమి?

ఆ కారణమును నేను గ్రంథములో గాక నల్లగొండ బత్తాయితోటలో చూచితిని. బత్తాయిచెట్ల మొదళ్లకు జిగురుకారు తెగులు వచ్చినప్పుడు మన రైతులు మైలుతుత్తమును సున్నమును కలిపి పూయుదురు. దీనికి బోర్డో మిశ్రమమని పేరు. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలవారు దారినపోవువారు పండ్లు కోయకుండుటకై తీగలపై ఈ పూత పూసెడివారట. పూసిన తీగలకు తెగులు రాకుండుట చూచి మిలార్డే యను పండితుడు 1885లో దానిని లోకమునకు వెల్లడించెను. మా మిత్రుడొక వృద్ధ రైతు మిశ్రమమును కలిపి, మెరయుచున్న కొడవలిని అందులో నొక నిమిషము ముంచి తీసెను. కొడవలి అంచు ఎర్రగా, అచ్చముగా రాగివలె మారెను. “సున్నం చాలలేదు, పంతులుగారూ. ఇట్లనే పూస్తే చెట్టు మాడుతది” అని యింకను సున్నపునీరు పోసెను. ఈ మారు కొడవలి తెల్లగనే వచ్చెను.

నేను దిగ్భ్రమ చెందితిని. ఇనుము రాగియైనట్లు కన్నులారా కనబడుచున్నది! ఇనుము రాగి కాగలిగినచో రాగి బంగారమేల కాకూడదని వేయేండ్ల క్రిందట సిద్ధుడొకడు నల్లమలలో తలచియుండిన, ఆతనిని మూఢుడనుటకు నాకు నోరు రాదు. జరిగిన దేమనగా, ఇనుము నీటిలోనికి దిగి, నీటిలో నున్న రాగిని బయటికి నెట్టినది. మార్పిడి జరిగినది, మారుట జరుగలేదు. సున్నము క్షారగుణము గలది. అది తగినంత పడినచో రాగిని నీటిలో కరగని ముద్దగా చేసి పట్టియుంచును, ఇనుమునకు చిక్కనీయదు. ఒక్క కుండలో పులుపుగుణము, క్షారము, రెండు లోహములు, అన్నియు నున్నవి.

సిద్ధులకు ఈ సామగ్రి యంతయు తెలియును. అమ్లవర్గమని నిమ్మ, మాదీఫలము, చింత మొదలగువానిని లెక్కించిరి. క్షారత్రయమని సర్జక్షారము, యవక్షారము, వెలిగారము చెప్పిరి. లోహమును కాల్చి నూనెలో, మజ్జిగలో, గోమూత్రములో, పుల్లని కలిలో, ఉలవకషాయములో ఏడేసిమార్లు ముంచి శుద్ధి చేయుమనిరి. ఉలవచారు కాచుకొను మన సీమలో ఆ కషాయమునకు కొరత యుండియుండదు. అయితే వారు విద్యను రహస్యభాషలో దాచిరి. గురువు నోటినుండి శిష్యుని చెవికి తప్ప మూడవవానికి పోనీయలేదు. ఇది నాకు నచ్చని పని. పండితకుటుంబములో పుట్టి, ఆ శ్లోకములనే తిని బ్రతికిన నేను ఈ మాట అనుట కొందరికి కష్టముగా నుండవచ్చును.

అదే కాలమున ఊరివీథిలో మరియొక విద్య నడచుచుండెను. కంసాలి గీటురాతిపై బంగారమును గీచి, ఆ గీతపై తేజాబు చుక్క వేయును. తేజాబనగా నత్రికామ్లము, ఉర్దూమాట మన సీమలో నిలిచిపోయినది. రాగి, వెండి గీత కరగిపోవును, బంగారపు గీత నిలుచును. వెండి కరగిన ఆ నీటిలో రాగిరేకు వేసినచో వెండి పొడిగా దిగును, నీరు నీలమగును. కొడవలి చేసిన పనినే రాగిరేకు ఇచ్చట చేయుచున్నది. 1956 వరకు మన హైదరాబాదు రాష్ట్రములోనే యుండిన బీదరులో బిద్రీ పనివారు తుత్తునాగపు పాత్రపై వెండి పొదిగి, నవసాగరమును కోటమట్టితో కలిపి పూయుదురు. తుత్తునాగము నల్లబడును, ప్రక్కనే యున్న వెండి చెక్కుచెదరదు. వీరందరును రసార్ణవములోని వరుసను చేతితో ఎరుగుదురు. వీరికి శ్లోకము రాదు. శ్లోకము వచ్చినవారు వీరిని అడుగలేదు.

ఆ అడుగుట ఐరోపాలో జరిగెను. 1766లో లండనులో హెన్రీ కావెండిష్ తుత్తునాగము, ఇనుము, తగరములను సజల ఆమ్లములలో వేసి, పైకి వచ్చు బుడగలను పట్టి, తూచి, మండించి చూచెను. అదియే ఉదజని. మన కొలుములలో అట్టి బుడగలు ఎన్ని యుగములనుండి లేచిపోయినవో! మన దేశమున రెండు విద్యలను కలిపినవాడు ప్రఫుల్లచంద్ర రాయి. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పాదరసముపై చల్లని సజల నత్రికామ్లమును పనిచేయించి 1896లో ఒక కొత్త పసుపుపచ్చని లవణమును ప్రకటించెను. 1902లో, 1909లో హిందూ రసాయనశాస్త్ర చరిత్రను రెండు సంపుటములుగా వెలువరించెను. రసార్ణవము 1910లో ఆయన పరిష్కరణముననే అచ్చుపడెను. మా నాయనగారి శ్లోకము లోకమునకు దక్కినది అట్లు.

తెలుగున ఈ శాస్త్రము వచ్చిన విధమును ఒక మాట చెప్పెదను. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. మునగాల రాజా నాయని వేంకటరంగారావు గారు అండగా నిలిచిరి. ఆ మునగాల నల్లగొండ సీమ నడుమ నున్న గడ్డయే. వేమూరి విశ్వనాథశర్మ గారి రసాయనశాస్త్రము ఆ మండలి గ్రంథములలో నొకటి. కాని నిజాము రాజ్యపు బడులలో బోధనాభాష ఉర్దూ యగుటచే మా పూర్వతరము ఆమ్లమును ‘తుర్షా’ యని చదివెను. నాకు సైన్సు చెప్పిన మాస్టరుగారు అట్లు చదివినవారు. ఆయన నల్లబల్లపై ‘ఆమ్లము’ అని వ్రాసి, నోట ‘తుర్షా’ యని, నాలుకకు తగిలించుకొన్నట్లు చప్పరించి, “పులుపురా” అనెడివారు. మూడు మాటలును మాకు నేటికిని జ్ఞాపకమే.

సత్తుగిన్నెల మాటయు మరువరాదు. 1898లో మద్రాసు కళాపాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రలు చేయించుట ఆరంభించెను. తేలికయు చౌకయు నగుటచే అవి పల్లెపల్లెకు ప్రాకి ఇత్తడిని అటకెక్కించెను. అల్యూమినియము వరుసలో ఇనుముకంటె త్వరగా లొంగు చోటున నున్నది. అయినను దాని పైన గాలివలన ఏర్పడు సన్నని పొర కవచమువలె కాచును. ఆ కవచమును ఛేదించునది క్షారము. బట్టలసోడా నీరుగాని, చౌటిమట్టి తేటగాని, సున్నపునీరుగాని అందులో పోసిన బుడగలు లేచును, గిన్నె నల్లబడి గుంటలు పడును. పులుపునకు ఇత్తడి చెడును, క్షారమునకు సత్తు చెడును. సత్తుగిన్నెలో చింతపులుసును నిలువయుంచుటయు మంచిది కాదు.

కళాయి విషయము చెప్పి ముగించెదను. కళాయివాడు పాత్రను బొగ్గులపై కాల్చి నవసాగరము చల్లగానే గుప్పున తెల్లని పొగ లేచుట మీరందరు చూచినదే. నవసాగరము వేడికి రెండుగా చీలును: ఒకటి ఆమ్లపు ఆవిరి, రెండవది క్షారపు ఆవిరి. ఆమ్లపు ఆవిరి లోహముపై నున్న మసిపొరను తినివేసి శుభ్రము చేయును. చల్లబడినచోట రెండు ఆవిరులును మరల కలియుటచే ఆ తెల్లపొగ. అంతట 232 డిగ్రీల వేడికే కరగు తగరమును అద్ది, దూదితో రుద్దగా వెన్నెలవలె పరచుకొనును. ఆలోచించువారికి ఇచ్చట సందేహము రావలెను: రాగికంటె తగరము హీనమని వరుస చెప్పుచుండగా, హీనమైనది మేలైనదానిని ఎట్లు కాపాడును? తగరము వరుసలో క్రిందిదే. కాని చింత, మజ్జిగవంటి మెత్తని పులుపులకు మిక్కిలి మెల్లగా లొంగును. లొంగి కరగిన కొద్దిపాటి తగరము రాగివలె కడుపును త్రిప్పదు. సీసము కలిపిన తగరమైనచో సంగతి వేరు. సీసము తెల్లగనే యుండును, చౌకగా దొరకును, పులుసులో కొద్దికొద్దిగా దిగి ఒంటిలో నిలిచిపోవును. 1984లో నేను తక్కువ కూలికి వేయించినది పలుచనిదో, కల్తీదో, నేటికిని నాకు తెలియదు.

కళాయివారు ఇప్పుడు అరుదైరి. మొన్న వేసవిలో ఒకడు మా వీథికి వచ్చెను. నేను అటకపైనుండి ఆ గుండిగనే దింపించి, కూలి బేరమాడక, “తగరములో సీసము కలిసినదో లేదో ఎట్లు తెలియును?” అని మాత్రము అడిగితిని. అతడు కాగితముపై తగరపు కడ్డీని గీచి చూపెను. గీత పడలేదు. సీసమైనచో నల్లగీత పడునట. పిమ్మట, “చెవి ఇటు పెట్టండి, పంతులుగారూ” అని కడ్డీని నా చెవియొద్ద వంచెను. పచ్చిపుల్ల విరుగుచున్నట్లు కిటకిటమని సన్నని చప్పుడు వినవచ్చెను. “స్వచ్ఛమైన తగరం వంచితే ఏడుస్తది. సీసం ఏడవదు” అనెను. నా సంచిలో నున్న ఏ పుస్తకములోను నేనంతకు ముందు ఆ మాట చదివియుండలేదు.